మగ్గం గుంతలో మా బడి

చిన్నపిల్లల బడుల్లో కొత్తగా కుదిరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. చంకలో లావుపాటి పుస్తకం ఉంటుంది. అందులో ‘శిశువుల సామాజిక, భావోద్వేగ వికాసం’ అని ఒక పాఠం. ఆ మాటను తడబడకుండా ఒక్క గుక్కలో పలికినవాళ్ళకు సగం మార్కులు అక్కడే వేసెయ్యొచ్చని నా అభిప్రాయం. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ మాట మా దాకా రాలేదు. వికాసం మాత్రం మాట వచ్చేదాకా ఆగలేదు. నా కళ్ళ ముందే జరిగింది. అదీ నేల మీద కాదు, నేలకు కొంచెం కింద.

హాలియాలో, నందికొండలో, నల్లగొండలో బడులు నడిపి, నెత్తి తెల్లబడ్డాక దిగిపోయిన మనిషిని. పెద్ద పెద్ద హాళ్ళున్న బడుల్లో పనిచేశాను, కుర్చీలు పిల్లల కంటే ఎక్కువున్న బడుల్లోనూ పనిచేశాను. అయినా నా లెక్కలో గొప్ప బడి ఏదంటే మొదటిదే. దానికి కిటికీ సరిగ్గా లేదు, తలుపు మూస్తే పడదు. గుంత మాత్రం దివ్యంగా ఉండేది. ఆ గుంత కథే ఇది.

మాది పాలమూరు. మేము చదువుకున్న కాలంలో బడి అంటే ఉర్దూ బడే. తెలుగు మా బాపు ఇంట్లో పలక పెట్టి నేర్పాడు. ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి బయల్దేరి నా బుర్రలో ఎక్కడో నట్టనడుమ గుద్దుకునేవి. ఆ దెబ్బకు రెండింట్లోనూ మధ్యరకంగా మిగిలాను. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు, పట్నంలో ఆడవాళ్ళ సంఘమొకటి పల్లెల్లో శిశువిహారాలు తెరుస్తున్నదని తెలిసి మా బాపు నన్ను తర్ఫీదుకు పంపాడు. కొన్ని నెలలు చప్పట్లు కొట్టడం, పూసలు గుచ్చడం, కప్పలా గెంతడం నేర్చుకుని ఇంటికి వచ్చాను. మా అమ్మ అంతా విని, “ఇవన్ని చిన్నప్పుడు నీకు వచ్చిన పనులే గదనే. పట్నం పోయి మల్ల నేర్సుకున్నవా?” అన్నది.

నన్ను వేసిన ఊరు చౌటుప్పల్ దాటాక రోడ్డు దిగి, బండ్ల బాట పట్టి పోతే వస్తుంది. చౌటుప్పల్ కూడా అప్పటికి ఊరే, ఇప్పటిలా ఫ్యాక్టరీల పట్నం కాదు. మా ఊళ్ళో సగం ఇళ్ళు రైతులవి, సగం నేతగాళ్ళవి. నేతవాడలో మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు రాట్నం ముందు, పిల్లలు అందరి కాళ్ళల్లో. మరీ చిన్నవాళ్ళయితే కాలికి నూలుతాడు కట్టి దాని కొసను గుంజకు కట్టేసేవాళ్ళు. పోగులు వడికే ఇళ్ళలో పిల్లల్ని పోగు చేయడం నా పని. పడుగు మీద పేక పడ్డట్టు వరుసగా కూర్చుంటారనుకుని పోయాను. వాళ్ళు చిక్కుపడ్డ నూలు ఉండలా ఒకరి మీద ఒకరు పడి ఉండేవాళ్ళు.

బడికి జాగా ఇచ్చింది ఒక ముసలి నేతగాడు. ఊరంతా ఆయన్ని తాత అనేది, నేనూ అన్నాను. నూలు దొరకని రోజుల్లో ఆయన తన మగ్గాన్ని విప్పి కట్టెలన్నీ అటక మీద పెట్టాడు. గుంతను విప్పి అటక మీద పెట్టలేడు కదా, అది అక్కడే ఉండిపోయింది. గుంతమగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేసే మనిషి నేల మీద కూర్చుని కాళ్ళు గుంతలోకి దించుతాడు, లోపలున్న చెక్కల్ని కాళ్ళతో తొక్కుతూ నేస్తాడు. పెద్దవాళ్ళకు అది తొడల లోతు ఉంటుంది. నాలుగేళ్ళ పిల్ల దిగి కూర్చుంటే నెత్తి కూడా కనబడదు.

ఆ కనబడకపోవడమే దాని అసలు గొప్ప. రజాకార్ల కాలం నుంచి ఆ వాడలో పిల్లలకు మాటలకంటే ముందు ఒక పాఠం వచ్చేది: లారీ సప్పుడైతే గుంతల దుంకు. పైన మగ్గానికి పడుగు దారాలు పరిచి ఉంటే కింద పిల్ల ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. తర్వాత రజాకార్లు పోయారు, మిలిట్రీ వచ్చింది, ఊరి బయట పోలీసు క్యాంపు పడింది, కమ్యూనిస్టు దళాల కోసం వెతుకులాట మొదలైంది. పెద్దవాళ్ళకు ఇది చరిత్ర. పిల్లలకు మాత్రం అదే లారీ, అదే సప్పుడు, అదే గుంత.

బడిలో నాతో పాటు ఒక ఆయమ్మ ఉండేది. మధ్యాహ్నం జొన్న అంబలి కాయడం, ముక్కులు తుడవడం ఆమె పని. ముక్కుపొడుం లేనిదే పొద్దు పొడవదు ఆమెకు. గొంతు ఎంత గట్టిదంటే ఆమె గుసగుసలాడితే క్యాంపులో పోలీసులు లేచి నిలబడేవాళ్ళు. నన్ను చూసిన మొదటి రోజే, “గీ పిల్లకే ఒక ఆయమ్మ కావాలె, గిద్దరు పిల్లలను నేనెట్ల సూడాలె?” అన్నది. ఇద్దరంటే ఒకవైపు బడి మొత్తం, ఇంకోవైపు నేను.

తర్ఫీదులో నాకు బాగా ఎక్కిన పాఠం పంచుకోవడం. ఒక బెల్లం ముక్క ఒక పిల్లవాడికి ఇచ్చి, పంచుకోమని చెప్పి, పక్కకు తప్పుకుని చూడాలి. అలాగే చేశాను. వాడు ముక్క మొత్తం నోట్లో వేసుకుని బుగ్గ ఉబ్బించి నిలబడ్డాడు.

“పంచుకోమన్న గదరా?”

“పంచిన పంతులమ్మా,” అన్నాడు. “కొంచెం నోట్లకు, కొంచెం కడుపులకు.”

ఆయమ్మ పొడుం డబ్బీ కిందపడేదాకా నవ్వింది. నా తర్ఫీదులో ఆ జవాబు లేదు.

వాళ్ళకు నేను నేర్పిన ఏ ఆటా పట్టలేదు. వాళ్ళ ఆట వాళ్ళకుంది. ఒకడు గడప దగ్గర నిలబడి నోటితో బుర్రుమని లారీ అవుతాడు. మిగతా అందరూ పరుగెత్తి గుంతలో పడతారు. బయట మిగిలినవాళ్ళు దొరికినట్టు. దొరికినవాళ్ళు తర్వాత లారీ అవుతారు. పొద్దున్నుంచి మాపటిదాకా ఇదే. నేను కప్పలా గెంతుతుంటే, వాళ్ళు నన్ను జాలిగా చూసి మళ్ళీ గుంతలోకి దుంకేవాళ్ళు.

ఆ ఆటలో ఒక్క పిల్ల మాత్రం లారీ అయ్యేది కాదు, నవ్వేది కాదు, దొరికేది కాదు. అందరికంటే ముందు గుంతలోకి దిగేది, అందరికంటే చివర పైకొచ్చేది. మిగతా సమయమంతా గుంత పక్కన మూలన కూర్చునేది. ఆమెను నేను మనసులో మూలపిల్ల అనుకునేదాన్ని. ఆ తర్వాత జరిగినదానికంతా ఆమే మూలం కాబట్టి, పేరు తప్పు పెట్టలేదనే అనుకుంటాను. నాలుగేళ్ళుంటాయి. ఎవరైనా ముట్టుకుంటే చెయ్యి లాక్కునేది. మాట లేదు. మొదట మూగదనుకున్నాను.

“మూగది గాదు బిడ్డా,” అన్నది ఆమెను తెచ్చి దింపే అవ్వ. “మంచిగ మాట్లాడేది. గా దినం లారీ వస్తే గుంతల దుంకింది. పైకొచ్చేవరకు బాపు లేడు, పోలీసోల్లు తీస్కపోయిన్రు. ఇప్పుడు జైల్ల ఉన్నడు. గప్పటిసంది నోరైతే ఉన్నది, తాళంచెవి పోయింది.”

ఆ పిల్ల తల్లి పొద్దంతా పొలాల్లో కూలికి పోయేది. అవ్వకు చూపు అంతంతమాత్రం. పిల్ల ఇల్లు కదిలి వచ్చేది బడికొక్కదానికే. ఆ బడి కూడా ఉంటుందో ఊడుతుందో తెలియని పరిస్థితి. సంఘంవాళ్ళు ముందే చెప్పారు: వానలు తగ్గాక ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది, పిల్లలు కుదురుగా, నిర్భయంగా, కలిసిమెలిసి ఉంటే బడి ఉంటుంది, లేకపోతే అడుగుతున్న ఊళ్ళు చాలా ఉన్నాయి, అక్కడికి మారుస్తాం.

కుదురు, నిర్భయం, కలిసిమెలిసి. నేను మా బడిని ఒకసారి చూసుకున్నాను. లారీ సప్పుడుకు గుంతలోకి దుంకే పిల్లలు కుదురెక్కడ, నిర్భయమెక్కడ? కలిసిమెలిసి అంటారా, అది గుంతలో ఉండేది, ఒకరి మోకాలు ఇంకొకరి కడుపులో. దానికితోడు పిల్లలుండే చోట గుంతలుండరాదని తర్ఫీదులో చెప్పారు. ఆయమ్మకు తేళ్ళ భయం. తాతకు ఆ గుంతను చూస్తే విప్పిన మగ్గం గుర్తొచ్చి దిగులు. ముగ్గురికీ మూడు కారణాలు, ఒకటే ఆలోచన.

ఒక సెలవునాడు గుంత పూడ్చేశాం. తాత మట్టి తెప్పించాడు, నేను తొక్కాను, ఆయమ్మ పేడతో అలికింది. చివర్లో నేను దాని మీద చుక్కలు పెట్టి అందమైన ముగ్గు వేశాను. మగ్గం పోయి ముగ్గు వచ్చిందని నాలో నేనే మురిసిపోయాను. రాతలో చూస్తే రెండింటికీ ఒకటి రెండు కొమ్ముల తేడానే. ఆ కొమ్ములే మర్నాడు మమ్మల్ని పొడిచాయి.

పిల్లలు వచ్చారు. గడప దగ్గరే ఆగారు. ముగ్గును చూశారు, నన్ను చూశారు. బెల్లం పంచుకున్న బుడ్డోడు అడిగాడు, “గుంతేది పంతులమ్మా?”

“పూడ్చేసినం. ఇంక పడతరన్న ఫికర్ లేదు. లోపలికి రాండ్రి.”

వాడు వెనక్కి తిరిగి మిగతావాళ్ళతో, “గుంత సచ్చిపోయింది,” అన్నాడు. అందరూ ఇళ్ళకు పోయారు.

సాయంత్రం తల్లులు వచ్చారు. కొట్లాటకు రాలేదు, చెప్పిపోదామని వచ్చారు. అది ఇంకా కష్టం. ఒకామె నాకు నచ్చజెబుతున్నట్టుగా అన్నది, “నువ్వు మంచిదానివే పంతులమ్మా. గాని గుంత లేని ఇంట్ల పోరగాండ్లను ఎట్ల ఇడిసిపెట్టి పోవాలె? లారీ వస్తే నీ ఒక్క కొంగు కింద ఎంతమంది పడతరు?”

“ఇంక రజాకార్లు రారక్కా. భయం లేదని చెప్పాలె గద పిల్లలకు.”

“నువ్వు జెప్పు. లారీ వచ్చినప్పుడు నేను సుత వింట,” అన్నదామె.

నాకు అప్పుడు అర్థమైంది. వాళ్ళు పిల్లల్ని పంపింది నా చప్పట్ల కోసం కాదు, నా కప్ప గెంతుల కోసం అసలే కాదు. మా బడిలో మంచి గుంత ఉందని పంపారు. మేము పూడ్చింది గుంతను కాదు, బడిని.

మర్నాడు బడిలో నేను, ఆయమ్మ, ఒక అంబలి కుండ. ఆయమ్మ కుండలో గరిట తిప్పుతూ, “ఇయ్యాల ఇద్దరికే కాసిన. నువ్వు సగం, నేను సగం. నీ పంచుకునుడు పాఠం నాతోనన్న అవుతది,” అన్నది. నవ్వాలో ఏడవాలో తేలక అంబలి తాగాను.

తాగుతుండగా గడపలో నీడ పడింది. మూలపిల్ల. అవ్వ లేదు, ఒక్కతే వచ్చింది. నన్ను చూడలేదు. తిన్నగా పోయి ముగ్గు మధ్యలో కూర్చుంది. చేతిలో ఒక పెంకు ఉంది. దానితో ముగ్గు మధ్య చుక్కను గీకడం మొదలుపెట్టింది. అలికిన పొర లేచింది, కింద మట్టి వచ్చింది. ఇంకా గీకింది. నేను గట్టిగా తొక్కిన మట్టి, నాలుగేళ్ళ చెయ్యి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అంబలి గిన్నె పట్టేంత గొయ్యి అయింది.

లేచి ఆపబోయాను. అన్నేసి నెలల తర్ఫీదు నాలో లేచి నిలబడింది. ఆయమ్మ నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. జ్ఞానంతో కాదు, బద్ధకంతో. “తవ్వనియ్యి. మల్ల అలుకుడు నా వల్ల గాదు, నడుము నొస్తున్నది,” అన్నది. లోకంలో కొన్ని మంచి పనులు నడుం నొప్పి వల్ల కూడా జరుగుతాయి.

అప్పుడే బెల్లం బుడ్డోడు గడప మీద తేలాడు. కాసేపు చూశాడు. “గుంతను లేపుతున్నవా?” అని ఆ పిల్లను అడిగాడు.

ఆమె తన చేతిలోని పెంకును చూసుకుంది. మోకాలితో ఒత్తి దాన్ని రెండుగా విరిచింది. పెద్ద ముక్క వాడికి ఇచ్చింది.

నేను ఆయమ్మను చూశాను, ఆయమ్మ నన్ను చూసింది. వారాల తరబడి బెల్లం కరిగినా రాని పాఠం, పగిలిన పెంకుతో వచ్చింది. అదీ పెద్ద ముక్క. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పెద్ద ముక్క ఎదుటివాళ్ళకిచ్చిన పెద్దవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

బుడ్డోడు కాసేపు తవ్వి, పరుగెత్తి పోయి వాడంతా చాటాడు. మాపటికి పిల్లలు కొందరు వచ్చారు, మర్నాటికి అందరూ. ఎవరి చేతిలో చూసినా పెంకు, చిప్ప, విరిగిన గరిట. నేనూ కొంగు దోపుకుని దిగాను. అమ్మాయిలూ, మీ పుస్తకంలో ఉన్న పాఠాలన్నీ ఆ రోజుల్లో నేను మట్టిలో చదువుకున్నాను. మట్టి బయట పోయాలంటే వరుస కావాలి, వరుస కట్టారు. ఒక గరిటకు ఇద్దరు కావాలన్నారు, జుట్లు పట్టుకున్నారు, ఏడ్చారు, తర్వాత ఒకరు తవ్వితే ఒకరు ఎత్తాలని వాళ్ళే తేల్చుకున్నారు. ఒక పిల్ల వేలికి గీరుకుంటే నలుగురు ఊదారు. ఊదినవాళ్ళ నోళ్ళలో మట్టి, గీరుకున్న పిల్ల కళ్ళలో మట్టి, అయినా ఏడుపు ఆగింది. నేను చెప్పింది ఒక్కటే మాట, “జర మెల్లగ.” అదీ ఎవరూ వినలేదు.

తాత గడపలో కూర్చుని చూసి చూసి, “మగ్గం గుంత గిట్ల ఉండదు, నలుమూలలు ఉండాలె,” అని దిగులుపడ్డాడు. పిల్లలు తవ్విన గుంతకు మూలలు లేవు. అది పెద్ద గంపలా గుండ్రంగా, వెడల్పుగా తయారైంది. ఎందుకంటే ప్రతి ఒక్కరూ తమ పక్కవాడికి జాగా సరిపోవడం లేదని అంచు ఇంకొంచెం తవ్వారు.

సరిగ్గా ఆ మట్టికుప్ప వాకిట్లో ఉండగా, నా మోచేతుల దాకా మట్టి ఉండగా, ఒక పొద్దున ఊరి బాట మీద మోటారు సప్పుడు వినిపించింది.

పిల్లలు ఆట కాదని క్షణంలో పసిగట్టారు. కేక లేదు, ఏడుపు లేదు. నీళ్ళు ఇంకినట్టు అందరూ గుంతలోకి ఇంకిపోయారు. ఆయమ్మ పెద్ద దుప్పటి తీసి గుంత మీద కప్పి, తను వంటపొయ్యి వెనక్కి పోయింది. నేను ఒక్కదాన్నే నడిమింట్లో చేతిలో గరిటతో నిలబడ్డాను.

వచ్చింది లారీ కాదు, జీపు. చౌటుప్పల్‌లో పోలీసులు దయతలచి ఇచ్చిన జీపు. దిగింది ఇన్‌స్పెక్టరమ్మ. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినావిడ, భారీ మనిషి, ఇస్త్రీ చెడని ఖద్దరు చీర. గుమ్మంలో నిలబడి, “నమస్కారమండీ. పిల్లలేరండీ?” అన్నది.

మా పాలమూరులో నన్నెవరూ అండీ అనలేదు. ఎవరినో అంటున్నారని వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది.

“ఉన్నరమ్మగారూ.”

“ఎక్కడండీ?”

ఖాళీ బడి, మట్టికుప్ప, గరిట పట్టుకున్న పంతులమ్మ. ఈ బడిని ఏ ఊరికి మారుస్తారో, ఆ ఊరివాళ్ళు ఎంత అదృష్టవంతులో అని ఆలోచిస్తున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి రెండడుగులు వేసింది. చుట్టూ చూసింది. ఆవిడ ముఖంలో కోపం కనిపిస్తుందనుకున్నాను, కనిపించలేదు. పెదవులు తడుపుకుంటున్నది.

అప్పుడు దుప్పటి కదిలింది. అంచు కింద నుంచి ఒక తల పైకి లేచింది. ఎప్పుడూ అందరికంటే చివర పైకొచ్చే తల. మూలపిల్ల గుంత ఎక్కింది, ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి నడిచింది, ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యీ పట్టని పిల్ల, ఎవరినీ ముట్టనివ్వని పిల్ల.

“రా,” అన్నది. “గిట్ల నిలవడొద్దు. వచ్చి కూసో.”

బొంగురుగా, చాలాకాలం తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టుంది ఆ గొంతు. పొయ్యి వెనక ఆయమ్మ చేతిలోంచి ఏదో కిందపడింది.

“నన్నేనా?” అన్నది ఇన్‌స్పెక్టరమ్మ.

“నిన్నే. జర ఒంగు. సప్పుడు జెయ్యకు.”

ఆ పెద్దమనిషి నా వైపు చూసింది. నేను చెయ్యగలిగిందేమీ లేదు, గరిటతో గుంత వైపు చూపించాను. ఏమనుకుందో ఏమో, ఖద్దరు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగింది. లోపల కలకలం లేచింది. “జరుగురా”, “నా కాలు”, “బుడ్డోడా, నీ తలకాయ ఇటు బెట్టు”. తర్వాత అంతా సర్దుకుంది. పిల్లలు అంచు అంచుగా తవ్విన వెడల్పు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. దుప్పటి మళ్ళీ కప్పుకుంది. అందులోంచి మా శిశువిహార తనిఖీ నాకు వినబడింది, కనబడలేదు.

“భయపడకు,” అంటున్నది మూలపిల్ల. “నాకు సుత భయమైతది. గిట్ల చెయ్యి పట్టుకుంటే తక్కువైతది.”

“నాకు భయంగా ఉందని నీకెలా తెలిసిందమ్మా?”

“నీ చెయ్యి సల్లగున్నది.”

తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ గొంతు వినబడింది. అది అధికారి గొంతు కాదు. “నిజమేనమ్మా. దారి పొడుగునా భయపడుతూనే వచ్చాను. ఆ డ్రైవరు ప్రతి మలుపులోనూ ఇక్కడ కాల్చారు, అక్కడ పట్టుకున్నారు అని చెబుతూ తెచ్చాడు.”

“గా డ్రైవరును సుత పిలువు మరి,” అన్నాడు బుడ్డోడు. “ఆయనకు గూడ భయమే ఉంటది.”

బయట డ్రైవరు ఎంతకీ మనిషి రాకపోయేసరికి లోపలికి తొంగిచూశాడు. “మేడమ్?” అన్నాడు. దుప్పటి కింద నుంచి ఇన్‌స్పెక్టరమ్మతో సహా అందరూ ఒకే గొంతుతో, “ష్” అన్నారు.

దిగినంత తేలిక కాదు కదా ఎక్కడం. నేను ఒక చెయ్యి, ఆయమ్మ ఒక చెయ్యి పట్టి లాగాం. డ్రైవరు మర్యాద అడ్డొచ్చి దూరంగా నిలబడ్డాడు. చివరకు పిల్లలే కింద నుంచి వరుసకట్టి నెట్టారు. “మట్టి కంటే బరువున్నది,” అని ఎవరో నిజాయితీగా అన్నారు. ఆవిడ పైకొచ్చి కూర్చుని ఆయాసం తీర్చుకునేదాకా మూలపిల్ల ఆ చెయ్యి వదల్లేదు. వదిలే ముందు ఒకసారి అరచెయ్యి తడిమి చూసి, “ఇప్పుడు ఎచ్చగున్నది,” అని తేల్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చీరకున్న మట్టి దులుపుకోలేదు. “కుదురుగా, నిర్భయంగా ఉన్నారా అని చూసి రమ్మన్నారండీ నన్ను,” అన్నది. “నిర్భయం సంగతి నాకు తెలీదు. భయాన్ని పంచుకోవడం మాత్రం మీ పిల్లలకు బాగా వచ్చు. బడి ఇక్కడే ఉంటుంది. ఆ గుంతను పూడ్చకండి.” గుంత అంచు వైపు చూసి, “ఒక మెట్టు మాత్రం కట్టించండి. వచ్చే ఏడు కూడా నేనే రావచ్చు,” అన్నది.

పోయే ముందు పిల్లలందర్నీ జీపు దగ్గరికి తీసుకుపోయింది. వాళ్ళు మూడు గజాల దూరంలో ఆగారు. ఆవిడ డ్రైవరును ఇంజన్ ఆపమన్నది, మూలపిల్ల అరచేతిని తీసుకుని బానెట్ మీద పెట్టింది.

“ఎలా ఉంది?”

“ఎచ్చగ.”

“మరి దీనికి భయం లేనట్టే.”

పిల్ల ఆలోచించింది. జీపు పక్కన చెయ్యితో తట్టింది, ఆవును తట్టినట్టు. బుడ్డోడు హారన్ నొక్కాడు. ఆ సప్పుడుకు ఎవరూ దుంకలేదు, ఒక్క ఆయమ్మ తప్ప. ఆ తర్వాత అందర్నీ కుక్కుకుని జీపు ఊరు చుట్టూ తిరిగింది. తల్లులు రాట్నాలు వదిలి వాకిళ్ళలోకి వచ్చి చూస్తుంటే, వాళ్ళ పిల్లలు మోటారులో కూర్చుని చేతులూపుతూ పోయారు.

మర్నాటి నుంచి లారీ ఆట పోయింది. గుంత మాత్రం నిండుగానే ఉండేది. కాకపోతే ఇప్పుడది దాక్కునే జాగా కాదు, జీపు. ముందు ఒకరు కూర్చుని అంబలి మూకుడును స్టీరింగులా తిప్పేవాళ్ళు, మిగతావాళ్ళు వెనక కూర్చుని ఊగేవాళ్ళు. మూలపిల్ల మూల వదిలి డ్రైవరయింది. తాళంచెవి దొరికిన నోరు, ఇక మూతపడితే ఒట్టు. నేనూ ఎక్కేదాన్ని.

“జీపు ఎక్కడికి పోతాంది డ్రైవరమ్మా?”

“జైలుకు. బాపును ఎక్కిచ్చుకొని వస్త. నువ్వు జర అటు జరుగు పంతులమ్మా. ఆడ బాపుకు జాగా.”

ప్రతి రోజూ జరిగేదాన్ని. ఎంతమంది ఎక్కినా, ఎంత ఇరుకైనా ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉండేది. ఎవరూ అందులో కూర్చునేవాళ్ళు కాదు. బెల్లాన్ని కడుపుతో పంచుకున్న బుడ్డోడు కూడా కూర్చోలేదు.

మరుసటి వానాకాలం రాకముందు, జైళ్ళలోంచి కొందరిని వదిలిపెట్టడం మొదలైంది. ఒక మధ్యాహ్నం గడపలో ఒక మనిషి నిలబడ్డాడు. చిక్కిపోయి ఉన్నాడు, గడ్డం పెరిగింది, పక్కన అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నది. ఆయన గడప దాటి లోపలికి రాలేదు. బిడ్డ తనను గుర్తుపడుతుందో లేదో అన్న భయం ముఖంలో కనిపిస్తూనే ఉంది. నేను లేవబోయాను. ఆయమ్మ మళ్ళీ నా కొంగు పట్టుకుంది. ఈసారి నడుం నొప్పి కాదు.

గుంతలో జీపు ఆగింది. మూలపిల్ల మూకుడు పక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత పైకెక్కి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. చల్లగా ఉండి ఉంటుంది, రెండు చేతులతో పట్టుకుని రుద్దింది.

“రా బాపూ,” అన్నది. “ఎక్కు. జాగా ఉంచిన.”

ఆయన మేము కట్టించిన మెట్టు మీద కాలు పెట్టి, మోకాళ్ళు ముడుచుకుని, ఆ ఖాళీలో కూర్చున్నాడు. సరిగ్గా సరిపోయింది. డ్రైవరు మూకుడు అందుకుంది. వెనకున్న పిల్లలంతా ఊగడం మొదలుపెట్టారు.